మంచి ప్రభుత్వం, మంచి వాతావరణం

2025 మే 10వ తేదీ శనివారం మధ్యాహ్నం, కడపలో మా ఇంటి నడవలో ఫ్యాను కింద కూర్చొని, మరునాటి ఆరాధనలో చదవవలసిన ప్రార్థనను రూళ్ల కాగితం మీద రాస్తున్నాను. ప్రసంగమూ కానుకలూ అయిన తరువాత, లోకంలోని అందరి కొరకు చేసే ప్రార్థన ఒకటి మా ఆరాధన క్రమంలో ఉంది. దానిని నెలకొక ఆదివారం సంఘ సభ్యులలో ఒకరు రాసుకొని వచ్చి చదవడం మా దగ్గర ఆనవాయితీ. ఆ నెల వంతు నాది. ముప్పై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినదాన్ని కాబట్టి ఈ పని నాకు నల్లేరు మీద బండి నడకేనని సంఘంలో అందరి నమ్మకం. ఆ శనివారం మాత్రం మధ్యాహ్నానికే నాలుగు కాగితాలు చింపాను.

ఆ రోజులు అలాంటివి. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. మే 7 తెల్లవారుజామున మన సైన్యం సరిహద్దు అవతల దాడులు చేసింది. ఆ పైన రోజూ రాత్రి డ్రోన్లు, ఫిరంగులు, చీకట్లో మునిగిన ఊళ్లు, వాటి నడుమ గొంతు చించుకొనే టీవీ వ్యాఖ్యాతలు. కడపలో కూర్చున్న మాకు అదంతా తెర మీది మంటగానే ఉండేది. 9వ తేదీన గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన ఒక కుర్ర సైనికుడు సరిహద్దు కాల్పుల్లో చనిపోయాడన్న వార్త వచ్చాక అది ఇంటి గడప దాకా వచ్చినట్టయింది. గోరంట్ల ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నా మా వయసువాళ్ల నాలుకకు అది అనంతపురం జిల్లాయే. అక్కడి మాట ఇక్కడి మాట ఒకటే, అక్కడి కరువు ఇక్కడి కరువు ఒకటే.

దానికన్నా దగ్గరగా నేను చూసినది మా వీధిలోనే జరిగింది. ఎండ తగ్గాక పిల్లలు యుద్ధం ఆట మొదలుపెట్టారు. కొబ్బరి మట్టలే తుపాకులు. నోటితోనే డ్రోన్లు. రెండో రోజు వరండాలో కూర్చొని బియ్యం ఏరుతూ గమనించాను: ఎన్నిసార్లు ఆట మళ్లీ మొదలైనా పక్కింటి ఆపా మనవడే పాకిస్తాను. వాడికి ఎనిమిదేళ్లు. మొదట సరదాగానే పరిగెత్తాడు, పడిపోయాడు, లేచాడు. మూడోసారి మట్ట కింద పారేసి, చెప్పులు వెతుక్కొని ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముసల్మానులు వచ్చి కొబ్బరికాయ కొట్టే ఊరు మాది. పెద్ద దర్గా ఉరుసుకు అన్ని మతాలవారూ నిలబడే ఊరు. ఆ సాయంత్రం వాడిని పిలిచి ఒక మామిడిపండు చేతిలో పెట్టడం తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. అది చాలదని తెలుసు.

ఇవన్నీ ఆ ప్రార్థనలో ఎక్కడ పెట్టాలి? "మా దేశమునకు జయమిమ్ము" అని రాస్తే సంఘమంతా గట్టిగా ఆమేన్ అంటుంది. కానీ అది సైనికుల మీద ప్రేమతో రాసినదో, టీవీ చూసి రాసినదో నాకే అనుమానం. "సమాధానమిమ్ము" అని మాత్రమే రాసి వదిలేస్తే, కల్లితండాలో కొడుకును పోగొట్టుకున్న తల్లి ముందు అది చప్పగా ఉంటుంది. చివరికి సైనికుల పేర, వారి తల్లుల పేర, సరిహద్దు పల్లెల పేర, పాలకుల పేర నాలుగు విన్నపాలు కుదిరాయి. యుద్ధము త్వరగా ఆగునట్లు కృప చూపుమని ముగించాను.

సాయంత్రం ఆరు కాకముందే పాస్టరు అయ్యగారు ఫోను చేశారు. "అమ్మా, కాల్పుల విరమణ అంట. టీవీ పెట్టుకోండి." పెట్టాను. నిజమే. రాసినదాన్ని కొట్టివేసి, పైన కృతజ్ఞతాస్తుతి రాశాను. భోజనాలయ్యేసరికి శ్రీనగర్ మీద మళ్లీ పేలుళ్లని వార్త. మళ్లీ ఫోను. "రెండూ రాసి పెట్టుకోండమ్మా, పొద్దునకు ఏదుంటే అది చదువుదురు" అన్నారు ఆయన, విసుగు లేకుండా. నవ్వొచ్చింది, నిద్ర మాత్రం రాలేదు. దేశం అల్లకల్లోలంగా ఉన్నప్పుడు సంఘం నోరు తెరిచి ఏమి అడగాలి అన్న ప్రశ్న ఆ రాత్రి నన్ను చాలా వెనక్కి తీసుకుపోయింది.

కడపలో లూథరన్లమంటే, అంటే జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథరు బాటలో నడిచే ప్రొటెస్టెంటు క్రైస్తవులమంటే, కొంచెం వివరించి చెప్పుకోవలసిన పరిస్థితి. ఈ ఊళ్లో 1822లోనే లండన్ మిషనువారు పని మొదలుపెట్టారు కాబట్టి, క్రైస్తవులు అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది వారి వారసత్వమైన సి.ఎస్.ఐ. సంఘమే. 1947 సెప్టెంబరు 27న ఆ సి.ఎస్.ఐ., అంటే దక్షిణ ఇండియా సంఘం, ఏర్పడినప్పుడు లూథరన్లు అందులో కలవలేదు. మాది కోడూరు వైపు నుంచి, రైలు పట్టాల వెంట ఉద్యోగాల కోసం వచ్చిన కుటుంబం. కోడూరు, నాయుడుపేట, గూడూరు, వెంకటగిరి, కాళహస్తి, తిరుపతి – ఈ వరసలోని లూథరన్ సంఘాలకు మూలం జర్మనీలో, హానోవర్ ప్రాంతపు హెర్మన్స్‌బర్గ్ అనే పల్లెటూరు. అక్కడ లూయీ హార్మ్స్ అనే పాదిరి 1849లో ఒక మిషను స్థాపించాడు. ఒక పల్లె సంఘం, రైతులు, చేతిపనులవారు కలిసి ప్రపంచం నలుమూలలకు మనుషులను పంపడం ఆ కాలానికి వింతే. 1860ల నడుమ ఆగస్టు మైలియస్ అనే ఆయన ఆ మిషను తరఫున సూళ్లూరుపేట వైపు తెలుగువారి మధ్య పని ప్రారంభించాడు. గుంటూరుకు 1842లో వచ్చిన హయ్యరు అయ్యగారి పేరు తెలిసినంతగా ఈయన పేరు మన లూథరన్లలోనే చాలామందికి తెలియదు. కోస్తావారికి ప్రచారం ఎక్కువ అని మా నాన్న అనేవారు, అది కొంత అసూయ.

1914 ఆగస్టు 4న ఇంగ్లండు జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. ఆ నాటికి వెంకటగిరి దగ్గర ఒక పల్లెలో మా ముత్తాత ఉపదేశి, అంటే పాదిరి కింద పల్లె సంఘాన్ని చూసుకొనేవాడు. ఆయనకు బాప్తిస్మమిచ్చినదీ, అక్షరాలు నేర్పినదీ, నెలజీతం ఇచ్చేదీ జర్మన్ దొర. ఆయన తల మీద ఉన్న ప్రభుత్వం ఇంగ్లీషు రాజుది. ఆ రెండూ ఒక్కసారిగా శత్రువులయ్యాయి. దేశంలోని జర్మన్ మిషనరీలను మొదట ఇళ్లకు కట్టడి చేశారు, ఆ తరువాత చాలామందిని అహ్మద్‌నగర్ శిబిరంలో నిర్బంధించారు. 1915, 1916 సంవత్సరాలలో పాదిరులను, వారి భార్యలను, పిల్లలను ఓడలో స్వదేశానికి పంపించివేశారు. ఆ ఓడ పేరు గోల్కొండ. తెలుగు నేల నుంచి వెళ్లగొట్టిన వారిని తెలుగు కోట పేరున్న ఓడ మోసుకుపోయింది.

దొర వెళ్లిపోయిన మొదటి ఆదివారం గురించి మా ఇంట్లో ఒక కథ ఉంది. కథ అనే అంటాను, ఎందుకంటే అది నోటి నుంచి నోటికి వచ్చినదే. ఆ ఉదయం పాక గుడిలో ఆరాధన నడిపినవాడు మా ముత్తాత. ప్రసంగం చేసే అధికారం ఆయనకు లేదు కాబట్టి పాత ప్రసంగాల పుస్తకం నుంచి చదివాడట. పాలకుల కొరకైన ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి జనం తలలు వంచుకొనే ఉన్నారు గానీ చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఆయన జార్జి చక్రవర్తి కొరకు ప్రార్థించాడు. ఊపిరి తీసుకోకుండానే, సముద్రం మీద ఉన్న మా అయ్యగారి కొరకు, అమ్మగారి కొరకు, వారి పసిబిడ్డ కొరకు అని కలిపాడు. మరునాడు గ్రామ మునసబు కబురు పెట్టి, "శత్రువు కోసం ప్రార్థన చేస్తున్నారంట?" అని అడిగితే, "మా పిల్లలకు బాప్తిస్మమిచ్చినాయన అయ్యా, ఆయన ఓడెక్కినాడు" అన్నాడట. మునసబు మరి కదిలించలేదు.

చిన్నప్పుడు ఈ కథలో నాకు ధైర్యం మాత్రమే కనిపించేది. ఇప్పుడు ఇంకొకటి కనిపిస్తుంది. ఆయన చక్రవర్తిని వదిలిపెట్టలేదు. మనసులో ఏముందో మనకు తెలియదు, కానీ పేరు పలికాడు. మొదటి తిమోతి పత్రిక రెండవ అధ్యాయంలో "రాజులకొరకును అధికారులందరికొరకును" అని ఉంది కాబట్టి పలికాడు. అదే పంక్తిలో "మనుష్యులందరికొరకును" అని కూడా ఉంది. దాని కింద దొర కుటుంబం పట్టింది. ఒక వాక్యంలో రెండు వైపులవారినీ నిలబెట్టడానికి ఆయనకు వ్యాకరణం ముందే సిద్ధంగా ఉంది.

జీతాలు ఆగిపోయిన ఆ కాలంలో ఉపదేశులు ఏమి తిన్నారో ఎక్కడా రాసిలేదు. మా నాయనమ్మ చెప్పినది, పిడికెడు బియ్యం సంగతి. ప్రతి ఇంట్లో అన్నానికి బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే చట్టిలో వేసేవారు. శనివారం ఆ చట్టి ఉపదేశి ఇంటికి చేరేది. బియ్యం లేనివారు కొర్రలు వేసేవారు, అవీ లేనివారు కట్టెలు తెచ్చేవారు. ఈ పిడికెడు బియ్యపు కానుక ఇప్పటికీ కొన్ని పల్లెల్లో ఉంది. యూరపులో సామ్రాజ్యాలు కూలుతున్న ఏళ్లలో వెంకటగిరి పక్కన ఒక సంఘం నిలిచింది చట్టిలోని కొర్రల మీద.

ఆ తరువాత ఈ సంఘాల బాధ్యతను అమెరికాలోని ఒహాయో సినడు అనే లూథరన్ సంఘాల కూటమి చేపట్టింది. వారూ జర్మను మూలాలవారే. మనకు తెలియని సంగతి ఏమిటంటే, అదే సమయంలో అమెరికాలో లూథరన్లే అనుమానపు చూపుల కింద ఉన్నారు. 1918 మే 23న అయోవా రాష్ట్ర గవర్నరు ఒక ప్రకటన చేసి, బడులలో, బహిరంగ స్థలాలలో, ఫోనులో, చివరికి ఆరాధనలో కూడా ఇంగ్లీషు తప్ప వేరే భాష వాడకూడదన్నాడు. జర్మను భాషలో తప్ప ప్రార్థన రాని ముసలివారు ఆ ఆదివారాలు ఏమి చేసి ఉంటారు?

ఆ రాత్రి నాకు ఎక్కువగా గుర్తొచ్చింది మాత్రం 1938. ఆ సెప్టెంబరులో హిట్లరు చెకొస్లొవేకియా మీద కన్నేసి యుద్ధం అంచుదాకా వచ్చాడు. నాజీల పెత్తనాన్ని ఒప్పుకోని జర్మన్ క్రైస్తవులు తమను ఒప్పుకోలు సంఘమని పిలుచుకొనేవారు. ఆ సంఘపు నాయకులు, సెప్టెంబరు 30న జరపవలసిన ప్రార్థన కోసం ఒక ఆరాధన క్రమం రాసి పంపారు. అందులో విజయం అడగలేదు. తమ జాతి పాపాలను ఒప్పుకొన్నారు, యుద్ధం తప్పించమని వేడుకొన్నారు. సరిగ్గా ఆ తెల్లవారుజామునే మ్యూనిక్ ఒప్పందం కుదిరింది, యుద్ధం అప్పటికి తప్పింది, ఆ ప్రార్థన చాలాచోట్ల జరగనే లేదు. ప్రార్థన జరగకపోయినా శిక్ష మాత్రం జరిగింది. హిట్లరు ఎస్.ఎస్. దళాల పత్రిక దానిని దేశద్రోహమని రాసింది. అక్టోబరు చివరికి నలుగురు బిషప్పులు, మతపరంగానూ దేశభక్తి పరంగానూ ఆ క్రమాన్ని మేము ఖండిస్తున్నామని సంతకాలు పెట్టారు. ఆ నలుగురిలో హానోవర్ లూథరన్ బిషప్పు మారారెన్స్ ఒకడు. హానోవర్ అంటే హెర్మన్స్‌బర్గ్ ఉన్న సంఘం. అంటే మా తల్లి సంఘం. మా ముత్తాత ఒక మునసబు ముందు చేయని పని అది.

ఆ బిషప్పును తేలికగా తీసిపారేయడం నాకు ఇష్టం లేదు. తన సంఘాలను నాజీల చేతికి చిక్కకుండా కాపాడుకోవడానికే అలా చేశానని అనుకొని ఉండవచ్చు. పెద్ద కుర్చీలో కూర్చున్నవారికి పోగొట్టుకొనేవి ఎక్కువ. కానీ కాగితం మీద ఉన్న ఒక ప్రార్థనకు అంత పెద్ద ప్రభుత్వం అంత భయపడిందంటే, ఆ కాగితంలో ఏదో ఉన్నట్టే కదా.

నార్వేలో మరొక తీరుగా జరిగింది. అక్కడ లూథరన్ సంఘమే రాజ్య సంఘం. 1940లో జర్మను సైన్యం వచ్చాక రాజు హాకన్ లండనుకు వెళ్లిపోయాడు. ఆరాధనలో రాజు కొరకూ రాజకుటుంబం కొరకూ చేసే ప్రార్థన తీసివేయాలని ఉత్తరువు వచ్చింది. బిషప్పులు తలవంచి తీసివేశారు. అది వారి బలహీనతేనని నేననుకుంటాను. కానీ అక్కడే ఆగిపోలేదు. 1942 ఫిబ్రవరిలో బిషప్పులందరూ ప్రభుత్వ పదవులు వదులుకున్నారు. ఏప్రిల్ 5, పునరుత్థాన పండుగ (ఈస్టరు) నాడు, పాదిరులలో అత్యధికులు అదే పని చేశారు. ప్రభుత్వ జీతం వదిలారు, సంఘాన్ని వదల్లేదు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, భూస్థాపనలు జరుగుతూనే ఉన్నాయి, సంఘాలే వారిని పోషించాయి. అక్కడ పిడికెడు బియ్యం బదులు బంగాళాదుంపలు ఇచ్చి ఉంటారని నా ఊహ.

మన దేశపు సంగతి వచ్చేసరికి నాకే ఒక చేదు జ్ఞాపకం ఉంది. 1975లో నేను తొమ్మిదో తరగతి, కోడూరులో. ఆ ఏడే నా కన్ఫర్మేషన్ తరగతులు, అంటే పసితనంలో బాప్తిస్మం పొందినవారు ఎదిగాక తమ విశ్వాసాన్ని సంఘం ముందు ఒప్పుకోవడానికి నేర్చుకొనే పాఠాలు. శనివారం సాయంత్రాలు గుడి వెనుక వేపచెట్టు కింద చాపలు పరిచి, లూథరు చిన్న ప్రశ్నోత్తరిని మాతో వల్లె వేయించేవారు. 1529లో లూథరు దానిని రాసింది పండితుల కోసం కాదు. అంతకు ముందు ఏడు పల్లె సంఘాలను తనిఖీ చేయడానికి వెళ్లి, అక్కడి జనానికి పరలోక ప్రార్థన కూడా సరిగా రాదని చూసి, ఇళ్లలో నేర్పుకోవడానికి రాశాడు. అందులో, ఆ పరలోక ప్రార్థనలోని "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము" అనే మాటకు అర్థమేమిటని ప్రశ్న ఉంటుంది. జవాబు ఒక పెద్ద జాబితా. అన్నపానాలు, బట్టలు, చెప్పులు, ఇల్లు, పొలం, పశువులు, డబ్బు అని మొదలై, భక్తిగల పాలకులు, మంచి ప్రభుత్వం, మంచి వాతావరణం, సమాధానం, ఆరోగ్యం అని సాగి, మంచి స్నేహితులు, నమ్మకమైన పొరుగువారు అనే దాకా పోతుంది. ఇవన్నీ అన్నం అనే ఒక్క మాటలోనివేనని ఆయన చెప్పడం.

రాయలసీమలో పుట్టినవాళ్లకు ఈ జాబితా ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు. మంచి ప్రభుత్వమూ మంచి వాతావరణమూ పక్కపక్కన ఎందుకున్నాయో ఇక్కడ పశువుల కాపరికి కూడా తెలుసు. వాన రాకపోతే అప్పు, అప్పుకు ప్రభుత్వం కావాలి. వాన వస్తే చెరువు, చెరువు కట్టకు ప్రభుత్వం కావాలి. రెండూ మన చేతిలో ఉన్నట్టే ఉంటాయి, ఉండవు.

జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ వచ్చింది. పెద్దవాళ్లు గొంతులు తగ్గించి మాట్లాడుకోవడం మొదలైంది. ఒకరోజు ఆ జాబితా అప్పగించాక నేను చెయ్యెత్తి, "సార్, ఇప్పుడుండేది మంచి ప్రభుత్వమేనా?" అని అడిగాను. నేర్పించే ఆయన ఎయిడెడ్ బడి పంతులు కూడా. నలుగురు పిల్లల తండ్రి. చాప అంచు మీది వేపపూత వేలితో పక్కకు నెట్టి, "అయ్యగారు కన్ఫర్మేషన్ నాడు అడిగే ప్రశ్నల్లో అది లేదు. నువ్వు పొరుగువారి దగ్గర మళ్లీ మొదలుపెట్టు" అన్నారు. మొదలుపెట్టాను. ఆ రెండేళ్లలో మా గుడిలో, అధికారులకు లోబడి ఉండమనే రోమా పత్రిక పదమూడవ అధ్యాయం చాలాసార్లు విన్నాను. జైళ్లలో ఉన్నవారి కొరకు ప్రార్థించడం ఒక్కసారి కూడా వినలేదు. చెరలో ఉన్నవారి కొరకు అన్న మాట మా ఆరాధన క్రమంలో అచ్చయి ఉంది, అయినా దానిని చదివిన గుర్తు లేదు. 1977 మార్చిలో ఎమర్జెన్సీ ఎత్తివేశాక, ఎవరూ ఏమీ చెప్పకుండానే, ఆ మాట మళ్లీ వినిపించసాగింది. ఆ పంతులుగారిని నేను తప్పుపట్టను, ఆయన భయానికి కారణాలున్నాయి. కానీ ఆ రెండేళ్ల మౌనం మా సంఘం ఖాతాలో ఉంది. దాన్ని ఎవరూ కొట్టివేయలేదు.

కరోనా కాలాన్ని గురించి ఎక్కువ చెప్పను, అందరూ చూసినదే. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ ఆదివారమే పడింది. ఆ ఏడు పునరుత్థాన పండుగ ఫోను తెరల మీద జరిగింది. గుడి మూయడం విశ్వాసం లేకపోవడమేనని వాదించిన పెద్దలకు అప్పటి మా అయ్యగారు 1527 నాటి విట్టెన్‌బర్గ్ ప్లేగు సంగతి చెప్పారు. లూథరు ఊరు వదలకుండా రోగుల మధ్య ఉండిపోయాడు. అయినా, మందు వాడమనీ, ఇల్లు పొగ పెట్టి శుద్ధి చేయమనీ, నీ అవసరం లేని చోటికి పోయి రోగం అంటించవద్దనీ రాశాడు. మొండి ధైర్యాన్ని ఆయన దేవుణ్ణి శోధించడమే అన్నాడు. దాంతో వాదన ఆగింది.

ఈ ఆలోచనలన్నిటి తరువాత, రాత్రి పన్నెండు దాటాక లేచి, లైటు వేసి, ఐదో కాగితం తీసుకున్నాను. నా ఇబ్బంది ఎక్కడుందో అప్పటికి కొంత అర్థమయింది. వార్తలను బట్టి ప్రార్థన రాయబోయాను, అందుకే వార్త మారినప్పుడల్లా ప్రార్థన చెడిపోయింది. యుద్ధం ఆగినా ఆగకపోయినా అన్నం అడగాలి. ఎవరిది న్యాయమో దేవునికి నేను వాదించి చెప్పనక్కరలేదు, అది ఆయనకు తెలుసు. ఎవరికి ఏమి కావాలో చెప్పవచ్చు. అలా అనుకున్నాక వాక్యాలు తొందరగానే వచ్చాయి. రాష్ట్రపతి, ప్రధాని, సేనాపతులు, వారికి తొందరపడని బుద్ధి. సరిహద్దుకు రెండు వైపులా చీకట్లో పిల్లల్ని పట్టుకొని కూర్చున్న తల్లులు, వారికి నిద్ర. కల్లితండాలో ఈ రోజే కొడుకును మట్టిలో పెట్టే ఇల్లు, వారికి ఓదార్పు. మన వీధుల్లో మతాన్ని బట్టి శత్రువని పిలిపించుకొనే పిల్లలు, వారికి తోడుగా ఆడే స్నేహితులు. మమ్మల్ని నమ్మకమైన పొరుగువారినిగా చేయుము. మొత్తం ఒకటిన్నర పేజీ.

ఆ ఆదివారం పునరుత్థాన కాలపు నాలుగవ ఆదివారం, మంచి కాపరి ఆదివారం. గుడిలో నలభై మందికి మించి లేము. తొమ్మిదింటికే రేకులు కాగుతున్నాయి. ప్రార్థన చదువుతున్నప్పుడు "సరిహద్దుకు రెండు వైపులా" అన్నచోట ఎవరో దగ్గారు. ఒక్కొక్క విన్నపం చివర "ప్రభువా, మా ప్రార్థన ఆలకించుము" అని సంఘం పలకాలి. ఆ ఒక్కచోట పలుకు పలచబడింది. తరువాతి దానికి మళ్లీ నిండింది.

ఆరాధన అయ్యాక, సైన్యంలో పనిచేసి వచ్చిన ఒక సంఘ పెద్ద చెప్పులు వేసుకుంటూ నా పక్కన నిలబడ్డాడు. "ఏం టీచరమ్మా, వాళ్లకి కూడా చేయల్లనా?" అన్నాడు. కోపం లేదు, ఎగతాళి లేదు, నిజంగానే అడిగాడు. మా ముత్తాత లాగా చటుక్కున చెప్పగలిగే జవాబు నా దగ్గర లేదు. "అక్కడ ఆడవాళ్ల కోసమన్నా, రాజుల కోసం కాదు" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "రాజులకే ఎక్కువ కావల్ల కదమ్మా" అన్నాడు. ఆ మాటకు నేను ఇప్పటికీ జవాబు వెతుకుతున్నాను. తిమోతి పత్రికలో ఉన్నది "రాజులకొరకును" అని. ఏ దేశపు రాజులని లేదు.

ఇంతలో కోడూరు దగ్గర మామిడితోట కౌలుకు చేసే ఒక ముసలామె, మా దూరపు బంధువు, గుంపును తోసుకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఆ వారం ఆమె కడపలో కూతురింటికి వచ్చి ఉంది.

"అన్నీ బాగా చెప్పినావు గానీ పాపా, వాన సంగతి యాడ చెప్తివి? కాయంతా చెట్టు మీదుండాది. ఇప్పుడు గాలివాన పట్టుకుంటే నా గతేంది?"

నేను కాగితం తెరిచి చూసుకున్నాను. నిజమే. పాలకులున్నారు, సమాధానముంది, పొరుగువారున్నారు. మధ్యలో మంచి వాతావరణం లేదు. చిన్నప్పుడు చాప మీద కూర్చొని ఎన్ని వందలసార్లు అప్పగించిన జాబితా! మెట్ల దగ్గర అందరికీ నమస్కారాలు చెబుతున్న అయ్యగారు ఈ మాట విన్నారు. అంగీ ఇంకా విప్పలేదు. అక్కడే, ఎండలో, ఆమె తల మీద చెయ్యి పెట్టి, కోత అయ్యేదాకా గాలి రాకుండా, కోత అయ్యాక వాన రాకుండా ఉండకుండా అని ప్రార్థన మొదలుపెట్టారు. రెండో వాక్యం తిరగబడి, సరిచేసుకోవడానికి ఆయన ఆగినప్పుడు ఆమె కళ్లు మూసుకొనే, "వాన కావల్ల అయ్యగారూ, కోసినాక" అని అందించింది.

సంఘ పెద్ద ఒక చెప్పు వేసుకొని, రెండోది చేతిలో పట్టుకొని, ఆమేన్ అన్నాడు.